తొంభయ్యో రోజు క్యూబు

మా అమ్మ వడియాలు పెట్టే ముందు గాలి ఎటు వీస్తోందో చూసేది. పడమటి గాలయితే పని మర్నాటికి వాయిదా. మా ఇంటికి పడమటగా, కూతవేటు దూరంలో ఒక థర్మల్ విద్యుత్ కేంద్రం వాళ్ల బూడిద చెరువు ఉండేది. ఏ ఊరో, ఏ కేంద్రమో ఇప్పుడెందుకులెండి. ఎండాకాలం చెరువులో నీరు ఇంకిపోయి పైపొర ఎండితే, సాయంత్రం గాలికి ఆ బూడిద లేచి ఊరి మీదికొచ్చేది. దండెం మీది బట్టలు దులిపి మడతపెట్టేవాళ్లం. కనకాంబరం ఆకుల మీద వేలితో పేర్లు రాసుకుంటూ పెరిగాం.

పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా అయ్యాక ఒక రెడీమిక్స్ కాంక్రీట్ ప్లాంటులో క్వాలిటీ కంట్రోల్‌లో చేరాను. మొదటి రోజే సైలో దగ్గర ఒక బల్కర్ లారీ ఆగి ఉంది. గొట్టంతో ఏదో పైకి ఎక్కిస్తున్నారు. ఏమిటని అడిగితే ఆపరేటరు చిటికెడు తీసి నా అరచేతిలో పోశాడు. చూడగానే గుర్తుపట్టాను.

"దీన్ని కొంటున్నారా?" అన్నాను.

"టన్నుల లెక్కన, మేడమ్" అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మకి చెబితే, "మన పెరడు ఊడ్చి పంపనా మరి?" అంది.

ఇరవై రెండేళ్లయింది. ఆ బూడిద కలిపిన కాంక్రీటుతో క్యూబులు పోయడం, నీళ్లలో నానబెట్టడం, మిషన్‌లో పెట్టి పగలగొట్టడం, వచ్చిన అంకె రిజిస్టర్లో రాయడం: ఇదే నా ఉద్యోగం. అయినా మా ఇంట్లోవాళ్లకే ఆ బూడిద మీద నమ్మకం కలిగించలేకపోయానని మొన్న మాఘమాసంలో తెలిసింది. తెనాలిలో ఇల్లు కట్టుకుంటున్న మా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, స్లాబుకి 53 గ్రేడే తెప్పిస్తున్నా. షాపాయన పీపీసీ తీసుకోమంటున్నాడు. అది బూడిద సిమెంటంట కదా. కల్తీ సరుకు మనకెందుకు?"

"ఒరే, పునాదులకి ఏం వాడారు?"

"ఏమో, మేస్త్రీ తెప్పించాడు."

"ఖాళీ బస్తా ఉంటే తిప్పి చూడు."

పది నిమిషాల్లో వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. పోర్ట్‌లాండ్ పోజోలానా సిమెంట్, ఫ్లైయాష్‌తో చేసినది అని బస్తా మీద అచ్చేసి ఉంది. ఫొటో కింద మావాడు మూడు ప్రశ్నార్థకాలు పెట్టాడు. మన దేశంలో అమ్ముడయ్యే సిమెంటులో పెద్ద వాటా ఈ పీపీసీదే. మీ ఇంట్లోనూ ఎక్కడో ఒకచోట అది ఉండే ఉంటుంది.

కల్తీ అంటే కొనేవాడికి తెలియకుండా కలిపేది. పీపీసీలో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లైయాష్ ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 1489 రాసిపెట్టింది. ఎందుకు కలుపుతారో తెలియాలంటే ముందు సున్నం దగ్గరికి వెళ్లాలి.

పిడుగురాళ్ల మీదుగా వెళ్లినవాళ్లు సున్నపు బట్టీలు చూసే ఉంటారు. బట్టీలో వేసిన రాయినీ, బయటికొచ్చిన సున్నాన్నీ తూస్తే లెక్క కుదరదు. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలిస్తే మిగిలేది 56 కిలోలే. తక్కిన 44 కిలోలూ కార్బన్ డయాక్సైడుగా గాల్లోకి పోతాయి. బళ్లో సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడేది గుర్తుందా? మన ఊపిరిలోని అదే వాయువు సున్నంతో కలిసి తిరిగి రాతిపొడి కావడం అది. బట్టీలో ఆ కథ వెనక నుంచి ముందుకి నడుస్తుంది.

సిమెంటు ఫ్యాక్టరీలోనూ ఇదే పని, ఇంకా పెద్ద మంట మీద. మాచర్ల, జగ్గయ్యపేట, హుజూర్‌నగర్, తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు అన్ని ఫ్యాక్టరీలు వెలిశాయంటే అక్కడి నేల కింద ఉన్న సున్నపురాయి వల్లే. రాయినీ మట్టినీ నూరి, తిరుగుతూ ఉండే పొడవాటి కిల్న్‌లో దాదాపు 1450 డిగ్రీల దగ్గర కాలిస్తే గోలీల్లాంటి క్లింకర్ వస్తుంది. దానికి కాస్త జిప్సం చేర్చి మెత్తగా నూరితే సిమెంటు. ఒక టన్ను క్లింకరుకి ఇంచుమించు 850 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. అందులో సగానికి పైగా రాయిలోంచి వచ్చేదే, తక్కినది మంటది. రేపు ఏ సోలార్ కరెంటుతోనో కిల్న్ వేడిచేసినా రాయిలోని వాయువు మాత్రం వచ్చే తీరుతుంది. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడులో ఏడెనిమిది శాతం సిమెంటుది. దాన్ని తగ్గించాలంటే అన్నిటికన్నా దగ్గరి దారి, బస్తాలో క్లింకరు తగ్గించడం. తగ్గించిన చోట ఏం నింపాలి, నింపినా ఇల్లు నిలబడాలి కదా?

ఇక్కడికొస్తుంది బూడిద. థర్మల్ కేంద్రంలో బొగ్గుని ముక్కలుగా కాల్చరు. ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా నూరి, గాలితో కలిపి బాయిలర్లోకి చిమ్ముతారు. బొగ్గు క్షణాల్లో కాలిపోతుంది. అందులో చిక్కుకుని ఉన్న మట్టీ ఇసుకా కాలవు, కరుగుతాయి. పొగతో పాటు ఎగురుతూనే చల్లారి గుండ్రటి గాజు పూసలవుతాయి. మా ల్యాబులో మైక్రోస్కోపు కింద మొదటిసారి చూసినప్పుడు, కనకాంబరం ఆకు మీద నేను పేరు రాసుకున్నది వీటిలోనా అనిపించింది. పొగగొట్టానికి ముందు ఈఎస్పీ అని పెద్ద గదులుంటాయి. వాటిలో కరెంటు పెట్టిన పలకలు ఆ పూసల్ని లాగి పట్టుకుంటాయి. సుత్తులు ఆ పలకల్ని తడుతుంటే బూడిద కింది తొట్లలోకి రాలుతుంది. అక్కడి నుంచి పొడిగా సైలోకి వెళ్లేది ఫ్లైయాష్. బాయిలరు అడుగున పడ్డ ముతక బూడిదతో కలిపి నీళ్లలో చెరువుకి తోలేసేది పాండ్ యాష్. మా అమ్మ వడియాల మీద పడింది ఈ రెండోది. గుంటలు పూడ్చడానికీ రోడ్డు కట్టలకీ అది పనికొస్తుంది గానీ సిమెంటు చేసే పని చేయలేదు. పేరు ఒకటే కదాని చెరువు బూడిద తెచ్చి కాంక్రీటులో కలిపేవాళ్లని చూశాను. బూడిదకి చెడ్డపేరు తెచ్చింది సగం వాళ్లే.

కాంక్రీటుకి వాడే ఫ్లైయాష్‌కి ఐఎస్ 3812 అని ఇంకో ప్రమాణం ఉంది. 45 మైక్రాన్ల జల్లెడలో పోసి కడిగితే నూటికి 34 పాళ్లకి మించి పైన మిగలకూడదు. కాలకుండా మిగిలిన బొగ్గు 5 శాతం దాటకూడదు. నల్లగా ఉన్న లోడు వస్తే ల్యాబుకి పోకముందే నాకు అనుమానం వస్తుంది. వేళ్ల మధ్య రుద్దితే మంచి బూడిద జారుతుంది, ముతకది గరగరమంటుంది. ఇది పుస్తకంలో లేని పరీక్ష. దీని మీదే లారీలు వెనక్కి పంపానని కాదు, దీని తర్వాతే జల్లెడ తీశానని.

మన దేశపు బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. మూడు లారీల బొగ్గు కాలిస్తే ఒక లారీ బూడిద దిగుతుంది. 1996-97లో దేశంలో దాదాపు 6 కోట్ల 90 లక్షల టన్నుల బూడిద వస్తే పనికి వాడుకున్నది పదో వంతు కూడా లేదు. 1999లో కేంద్ర పర్యావరణ శాఖ దీన్ని వాడి తీరాలని నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ తర్వాత దాన్ని పలుమార్లు బిగిస్తూ వచ్చి, 2021 డిసెంబరు 31న వాడకుండా మిగిల్చిన టన్నుకి వెయ్యి రూపాయల జరిమానా పెట్టింది. 2021-22లో 27 కోట్ల టన్నులు వస్తే 95 శాతానికి పైగా ఏదో ఒక పనికి పోయిందని అధికారిక లెక్క. ఆ 'ఏదో ఒక పని'లో గుంతలు పూడ్చడం కూడా ఉంది. కార్బన్ లెక్కలో విలువైనది మాత్రం క్లింకరుకి బదులుగా వెళ్లిన వాటా.

బదులుగా ఎలా పనిచేస్తుందంటే, సిమెంటు నీళ్లతో కలిసినప్పుడు రెండు పుడతాయి. ఒకటి కంకరనీ ఇసుకనీ పట్టి ఉంచే జిగురు, కాంక్రీటు బలమంతా అదే. రెండోది తడి సున్నం. బలానికి దీనివల్ల పెద్ద లాభం లేదు. పైగా నీళ్లలో కరిగి బయటికొస్తుంది. ఓవర్‌హెడ్ ట్యాంకుల అడుగున తెల్లగా చారలు కట్టేది అదే. గాజు పూసల్లోని సిలికా ఈ సున్నాన్ని పట్టుకుని మళ్లీ అలాంటి జిగురునే చేస్తుంది. సందులు మూసుకుంటాయి, ఉప్పునీరు లోపలికి దిగడం కష్టమవుతుంది. బందరు, బాపట్ల, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఇల్లు కట్టేవాళ్లు ఈ ఒక్క కారణానికే పీపీసీ అడగాలి. పూసలు గుండ్రం కాబట్టి మిశ్రమం తక్కువ నీళ్లతోనే జారుతుంది. గట్టిపడేటప్పుడు పుట్టే వేడి తక్కువ కాబట్టి మందపాటి పునాదులు అంత తేలిగ్గా పగుళ్లివ్వవు.

ఇది కొత్త తెలివేమీ కాదు. ఇటలీలో నేపుల్స్ దగ్గర పొజ్జువోలి అనే ఊరుంది. అక్కడి అగ్నిపర్వతపు బూడిదని రోమన్లు సున్నంలో కలిపి కట్టారు. పోజోలానా అన్న మాట ఆ ఊరి పేరులోంచే వచ్చింది. రోములో పాంథియన్ గుడి గోపురం, 43 మీటర్ల వెడల్పుది, ఇనుము లేకుండా దాదాపు 1900 ఏళ్లుగా నిలబడి ఉంది. మనవాళ్లకి అగ్నిపర్వతం దొరకలేదు గానీ ఇటుకల ఆవం దొరికింది. కాల్చిన ఇటుక పొడి, అదే సుర్ఖీ, గానుగ సున్నంలో కలిపేవారు. కరక్కాయ నానిన నీళ్లూ, బెల్లం నీళ్లూ పోసేవారు. రాయలసీమకి నీళ్లిచ్చే తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయింది, రాళ్లని పట్టి ఉంచింది ఆ సుర్ఖీ సున్నమే. అదే ఏడు పూర్తయిన అమెరికాలోని హంగ్రీ హార్స్ డ్యామ్ కాంక్రీటులో ఫ్లైయాష్ లక్ష టన్నులకి పైగా పోశారు.

ఇంత మంచిదైతే జనానికి భయం ఎందుకు? దానికి కారణమైన ఒక స్లాబు నాకు తెలుసు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక అపార్టుమెంటు పని, డిసెంబరు చలి. మధ్యలో సిమెంటు మారింది. ఓపీసీ, అంటే మా తమ్ముడి 53 గ్రేడు లాంటి బూడిద కలపని సిమెంటు పోయి పీపీసీ వచ్చింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అలవాటు ప్రకారం ఎనిమిదో రోజున సెంట్రింగ్ విప్పేశారు. సాయంత్రానికి స్లాబు నడుం వంచింది. దారం కట్టి చూస్తే మధ్యలో ఒక వేలి మందం దిగి ఉంది. పరుగున జాకీలు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మర్నాడు సైట్లో అందరూ బూడిదని తిట్టారు, క్యాలెండర్ని తిట్టినవాళ్లు లేరు. నేనూ తప్పు చేశాను. ఆ స్లాబు తాలూకు ఏడో రోజు క్యూబులు తక్కువ చూపించాయి. అంకె రిజిస్టర్లో రాశాను గానీ ఫోన్ తీసి సైటుకి చెప్పలేదు. ఇరవై ఏళ్లుగా ఏడో రోజు అంకె తక్కువ కనిపిస్తే ముందు ఫోన్, తర్వాత పెన్ను.

బూడిద నెమ్మది మనిషి. సిమెంటు తన పని చేసి సున్నం వదిలాక గానీ దానికి పని దొరకదు. తోడు పెట్టిన గిన్నెని గంటకోసారి కదిపి చూస్తే పెరుగు బిగుసుకోదు కదా, అలాగే. ఏడో రోజున ఓపీసీ క్యూబు ముందుంటుంది. ఇరవై ఎనిమిదికి ఇది దగ్గరికొస్తుంది. నీళ్లు సరిగా పడితే తొంభైకి చాలాసార్లు దాటిపోతుంది. మన డిజైన్ పుస్తకాలన్నీ 28వ రోజు దగ్గరే ఆగి బలం కొలుస్తాయి కాబట్టి ఆ తర్వాత వచ్చేది ఎవరి లెక్కలోకీ రాదు.

నీళ్లు సరిగా పడితే అన్నాను. అసలు చిక్కంతా అక్కడే. ఓపీసీకి కనీసం 7 రోజులు, బూడిద కలిసినదానికి కనీసం 10 రోజులు క్యూరింగ్ చేయాలని ఐఎస్ 456 చెబుతుంది. ఎండ, వడగాలి ఉంటే 14 రోజుల దాకా పొడిగించమంటుంది. మన ఊళ్లలో ఎండ, వడగాలి లేని రోజులు ఎన్ని? స్లాబు మీద మళ్లు కట్టి నీళ్లు నిలిపితే సరిపోతుంది. స్తంభాలకే తంటా, గోనెసంచి చుట్టి పొద్దునా సాయంత్రం తడపాలి. ఒక మనిషిని పెట్టాలి, మోటారు నడవాలి. నాలుగో రోజున సంచులు ఎండిపోయి ఉంటాయి. అప్పుడు బూడిద పని సగంలోనే ఆగిపోతుంది. సున్నం కొంత అది తిని ఉంటుంది, సందులు మూసుకుని ఉండవు. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఆ సందుల్లోంచి లోపలికి పోయి ఇనుముకి తుప్పు పట్టే దారి తెరుస్తుంది. సరిగా తడపని పీపీసీ స్తంభం కన్నా సరిగా తడిపిన ఓపీసీ స్తంభమే మేలని నేను మొహమాటం లేకుండా చెబుతాను.

బూడిదతో ఎంత దూరం పోవచ్చో చూడాలంటే హవాయి దీవుల్లో కవాయి మీద శివుడికి కట్టిన ఇరైవన్ గుడి చూడాలి. వెయ్యేళ్లు నిలవాలని కట్టినవాళ్ల కోరిక. పునాది కాంక్రీటు రూపొందించింది కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మన దేశస్థుడు పి. కుమార్ మెహతా. 1999లో పోసిన ఆ పునాదిలో సిమెంటుకి బదులు సగానికి పైగా ఫ్లైయాష్ వాడారు. తుప్పు పట్టేదేదీ ఉండకూడదని ఇనుము అసలు పెట్టలేదు. ఆ గుడి రాళ్లు చెక్కింది బెంగళూరు దగ్గర. గుడి పునాదికి ఓపిక పట్టడం సులువు, అడ్వాన్సు ఇచ్చిన అద్దెదారు రెండు నెలల్లో దిగాల్సిన వాటాకి కష్టం.

తమ్ముడి స్లాబు రోజున తెనాలి వెళ్లాను. వెయ్యి చదరపు అడుగులు, దూలాలతో కలిపి 120 బస్తాలు, అంటే ఆరు టన్నుల సిమెంటు. బస్తాలో మూడో వంతుకి కాస్త తక్కువ బూడిద అనుకుంటే ఒకటిన్నర టన్ను కార్బన్ డయాక్సైడు తగ్గినట్టు. వాడికి అర్థమయ్యేలా చెప్పాలని లెక్క కట్టాను. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు. వాడి బండి లీటరుకి 45 ఇస్తుంది. ఆ లెక్కన దాదాపు ముప్పై వేల కిలోమీటర్లు తిరిగినంత.

"అంటే తెనాలి నుంచి గుంటూరుకి ఎన్నిసార్లు?" అన్నాడు.

"ఇంచుమించు వెయ్యిసార్లు."

మేస్త్రీ శ్రీకాకుళం వైపు మనిషి, పని తెలిసినవాడు. సెంట్రింగ్ రెండు వారాలు కదపొద్దని చెబితే తల గోక్కున్నాడు. "మేడంగారూ, షీట్లూ జాకీలూ రోజు అద్దెవండీ. ఇంకో స్లాబుకి మాటిచ్చాను." అతని మాటలో న్యాయం ఉంది. ఆ ఒకటిన్నర టన్ను ఆదా లోకానిది, వారం రోజుల అదనపు అద్దె అతనిది. ఆ అద్దె తమ్ముడు ఇచ్చేలా ఒప్పించి గానీ మిల్లర్ తిప్పనివ్వలేదు. మరో మాట కూడా చెప్పాను: పీపీసీలో ఇప్పటికే బూడిద ఉంది, ఎవరో చెప్పారని సైట్లో విడిగా ఇంకొంత కలపొద్దు. రెడీమిక్స్ ప్లాంట్లలో మేము కలిపేది ఓపీసీలో, తూకం వేసి, ట్రయల్ మిక్స్ చూసుకుని.

మా మేనకోడలు పర్యావరణ ఇంజనీరింగ్ చదువుతోంది. కొబ్బరిబొండాం తాగుతూ అడిగింది: "అత్తా, బొగ్గు కాల్చాకే కదా బూడిద వచ్చేది? ఆ పొగ ఎవరి ఖాతాలో రాశావు?"

మంచి ప్రశ్న. ఒక టన్ను బూడిద దిగిందంటే మూడు టన్నుల బొగ్గు అప్పటికే కాలిపోయింది. ఆ పొగ కరెంటు ఖాతాలోది. నేను మిగిల్చింది సిమెంటు ఖాతాలో. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని కడుక్కోవడం కుదరదని మేనకోడలికి చెప్పాను. బూడిద కోసం బొగ్గు కాల్చాలని ఎవరైనా అంటే, పిడకల కోసం గేదెని కొన్నట్టే. బ్రిటన్‌లో చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2024 సెప్టెంబరు 30న మూతపడింది. అలాంటి చోట్ల కొత్త బూడిద ఇక రాదు. మనకి ఇప్పట్లో ఆ కరువు లేదు గానీ, బూడిద తర్వాత ఏమిటన్న పని మొదలైంది. బంకమట్టిని ఏడెనిమిది వందల డిగ్రీల దగ్గర కాల్చి, కాల్చని సున్నపురాయి పొడితో కలిపి క్లింకరుని సగానికి దించే ఎల్‌సీ3 సిమెంటు అది. స్విట్జర్లాండులోని ఈపీఎఫ్ఎల్‌తో పాటు మన ఢిల్లీ, మద్రాసు ఐఐటీలు దాని మీద పనిచేశాయి. కాల్చిన మట్టి అంటే నాకు సుర్ఖీయే గుర్తొస్తుంది. తుంగభద్ర మేస్త్రీలకి చూపిస్తే వాళ్లు పెద్దగా ఆశ్చర్యపోరు.

తమ్ముడి స్లాబు రోజున తొమ్మిది క్యూబులు పోశాను. పక్కకి 15 సెంటీమీటర్లు, ఒక్కోటి ఎనిమిది కిలోల పైమాట. మూడు ఏడో రోజుకి, మూడు ఇరవై ఎనిమిదికి, మూడు తొంభైకి. ఎం20 కాంక్రీటు కాబట్టి 28వ రోజున ఒక్కో క్యూబు 45 టన్నుల పైచిలుకు బరువు ఆగాలి. అచ్చులు విప్పాక వాటిని వాళ్ల సంపులోనే వేసి వచ్చాను. ఎం20లోని ఆ 20కి గాను ఏడో రోజు మూడింటి సగటు 13. తమ్ముడి మొహం వాడిపోయింది. ఇరవై ఎనిమిదో రోజు 24. ఆ సాయంత్రం వాడే ఫోన్ చేసి, "మిగతా మూడూ ఎప్పుడక్కా?" అన్నాడు.

వైశాఖంలో, తొంభయ్యో రోజున, తెనాలి వెళ్లాను. సంపులో రెండే ఉన్నాయి. మూడు ఉంటేనే సగటు, రెండిటితో రిజల్టు రాయలేను. మరదల్ని అడిగితే, "మేడ మీద ఉంది వదినా, అత్తయ్య పైకి పంపించమన్నారు" అంది.

మెట్లెక్కి చూస్తే అమ్మ మాగాయ ముక్కలు ఎండబెడుతోంది. స్లాబు మీద పాత పంచె పరిచి ఉంది. మూడు మూలలా ఇటుకలు, నాలుగో మూల నా క్యూబు. అంత ఎండలో పది రోజులుగా ఉందట, ఇక పరీక్షకి పనికిరాదు.

"దాన్ని తీయకు, పడమటి గాలి లేస్తోంది" అంది అమ్మ.